మంచాన ఉన్న పెద్దవాళ్ళ దగ్గర డ్యూటీ చేసేవారికి ఆసుపత్రి మాటలు: ఏవి ముందు నేర్చుకోవాలి, ఎలా వాడాలి

"సిస్టర్, తాతగారి పైపు ఊడిపోయింది" అని అర్ధరాత్రి ఫోన్ చేస్తే అవతల నర్సుకు అర్థమయ్యేది ఏమీ ఉండదు. ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబా, మూత్రం కోసం పెట్టిన ఫోలీస్ కాథెటరా, ఆక్సిజన్ ప్రాంగ్సా, సెలైన్ కోసం చేతికి పెట్టిన క్యాన్యులానా? రైల్స్ ట్యూబ్ అయితే నర్సు వచ్చేదాకా ఫీడ్, అంటే ట్యూబులో పోసే ఆహారం, ఆపి, నోట్లో ఏమీ పోయకుండా కూర్చోవాలి. ఫోలీస్‌ను లోపలి బెలూన్ ఉబ్బి ఉండగానే లాగేసుకుంటే రక్తం రావచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. ప్రాంగ్స్ అయితే వెంటనే మళ్ళీ ముక్కుకు తగిలించేయొచ్చు. ఏది ఊడిందో తెలిస్తేగాని ఎంత తొందరపడాలో తెలియదు.

ఓల్డేజ్ హోముల్లో పనిచేసేవారికి, ఏజెన్సీ తరఫున ఇళ్ళలో 12 గంటలో 24 గంటలో డ్యూటీ చేసే అటెండెంట్లకు, జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్) కోర్సు చదువుతున్నవారికి ఈ వ్యాసం. మంచాన పడ్డ అమ్మనో మామగారినో ఇంట్లోనే చూసుకుంటున్నవాళ్ళకూ పనికొస్తుంది. పుస్తకాలు ఈ మాటల్ని అక్షర క్రమంలో, లాటిన్ మూలాలతో మొదలుపెడతాయి. పరీక్షకు అది సరే, డ్యూటీ మాత్రం ఆ వరసలో నడవదు. అందుకే డ్యూటీలో ఏ మాట ముందు తగులుతుందో ఆ వరసలోనే చెబుతున్నాను.

ముందుగా ఒక్క నియమం. మనం చూసింది చెప్తాం, జబ్బుకు పేరు పెట్టం. "యూటీఐ (మూత్రంలో ఇన్‌ఫెక్షన్) వచ్చినట్టుంది మేడమ్" అనడం మన పని కాదు. "పొద్దున్నుంచి మూత్రం చిక్కగా, వాసనగా ఉంది, టెంపరేచర్ 100.8, పేరు అడిగితే తడబడుతున్నారు" అనడం మన పని. రెండో మాట విన్న డాక్టరు యూటీఐ సంగతి తనే చూసుకుంటాడు. మొదటి మాట మాత్రమే వింటే, అది తప్పయినప్పుడు అసలు జబ్బు వెనక్కి పోతుంది.

మొదటి మెట్టు: పెద్దవాళ్ళ నోటి మాట

ఇంగ్లీషు మాటలు తర్వాత. ముందు మంచం మీదున్న మనిషి ఏమంటున్నారో పట్టుకోవాలి. కరీంనగర్ పెద్దమ్మ "దమ్మొస్తుంది బిడ్డా" అంటుంది, భీమవరం మామ్మగారు "ఆయాసంగా ఉందమ్మా" అంటుంది. చార్టులో రెండూ బ్రెత్‌లెస్‌నెసే, డాక్టర్ల రాతలో డిస్‌ప్నియా. "పానం మంచిగ లేదు", "ఒంట్లో నలతగా ఉంది" రెండూ ఒకటే, అయితే వాటితో చార్టు నిండదు. ఎక్కడ, ఎప్పటినుంచి, తిన్నారా, నిద్రపోయారా అని మెల్లగా తవ్వాలి. "ఒంటికి", "రెంటికి", "దొడ్డికి", "పాస్‌కి" అని ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు. మొదటి రోజే వాళ్ళ మాట ఏదో తెలుసుకుంటే పక్క తడవకముందే లేపి తీసుకెళ్ళొచ్చు.

నొప్పి దగ్గర తెలుగు చాలా నిక్కచ్చిగా ఉంటుంది, దాన్ని పారేయకండి. పోటు అంటే పొడిచినట్టు, సలుపు అంటే నాడి కొట్టుకున్నట్టు లోపల్లోపల తీయడం, గుంజుడు అంటే కండరం లాగడం, తీపులు అంటే పిక్కల్లో వచ్చే బరువైన నొప్పి, మంట అంటే మంటే. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు. తిమ్మిరిలో చీమలు పాకినట్టుంటుంది, మొద్దుబారితే ముట్టుకున్నా తెలియదు. షుగర్ ఉన్నవారి పాదాల్లో ఈ తేడా చాలా ముఖ్యం. పాదం మొద్దుబారినవారికి పుండు పడినా నొప్పి తెలియదు, మనమే చూడాలి. చార్టులో "పెయిన్ ప్లస్" అని ఊరుకోకుండా "కుడి మోకాలు, సలుపు, రాత్రి 2 నుంచి" అని వాళ్ళ మాటే రాయండి.

నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి 10 దాకా అంకె చెప్పమంటారు నర్సులు. ఎనభై ఏళ్ళ మనిషికి ఆ లెక్క ఎక్కకపోతే రూపాయి లెక్కలో అడగండి. "నిన్నటి నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎంత?" అంటే "పావలా తగ్గింది" అని ఠక్కున చెప్తారు. ఆ మాటనే నర్సుకు చెప్పండి.

"గుండెల్లో మంట", "గ్యాస్ పట్టింది" అనే రెండింటిని మాత్రం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా చెమటలు, వాంతి, ఆయాసంతో కూడా రావచ్చు. సోడా కలిపి ఇచ్చేముందు నర్సుకు ఫోన్ చేయండి.

రెండో మెట్టు: చార్టు మీది అంకెలు

వైటల్స్ అనే మాట మొదటి రోజే వినపడుతుంది. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్ (శ్వాస), బీపీ, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కలిపి వైటల్స్. పెద్దవారిలో మామూలుగా పల్స్ నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20, సాచురేషన్ 95 పైన ఉంటాయి. టెంపరేచర్ 100.4 ఫారెన్‌హీట్ దాటితే జ్వరం కింద లెక్క. చాలా ముసలివారిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం అంతగా పెరగకపోవచ్చు, అందుకని "జ్వరం లేదు" అని నిశ్చింతగా ఉండటానికి లేదు. బీపీలో పై అంకె సిస్టాలిక్, కింది అంకె డయాస్టాలిక్. నర్సుకు చెప్పేటప్పుడు "నూట ముప్పై బై ఎనభై" అని రెండూ చెప్పాలి, "బీపీ నార్మల్" అనకూడదు. ఒకరికి నార్మల్ అయింది ఇంకొకరికి కాదు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి డాక్టరు సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని రాసి ఉండొచ్చు. అలాంటివారికి 90 చూసి కంగారుపడి ఆక్సిజన్ మీటరు తిప్పేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ.

డయాలసిస్ చేయించుకునే చాలామందికి ఒక చేతికి ఫిస్టులా, అంటే ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు, ఉంటుంది. ముట్టుకుంటే ఝుమ్మని తెలుస్తుంది. ఆ చేతికి బీపీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. సాచురేషన్ క్లిప్ పెట్టేముందు గోళ్ళరంగు తుడవండి, వేళ్ళు చల్లగా ఉంటే కాస్త రుద్ది వెచ్చబెట్టండి. శ్వాస లెక్కపెడుతున్నామని మాత్రం చెప్పకండి. చెబితే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు. పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, పొట్ట లేవడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి.

అంకెల ముందు రెండు ఇంగ్లీషు మాటలు అటూఇటూ తిరుగుతుంటాయి: హైపో, హైపర్. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. హైపోగ్లైసీమియా అంటే షుగర్ పడిపోవడం, హైపర్‌గ్లైసీమియా అంటే పెరగడం. ఫోన్‌లో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. నేనైతే ఫోన్‌లో ఈ మాటలే వాడొద్దంటాను. "షుగర్ 58, తగ్గింది" అని అంకెతో చెబితే పొరపాటుకు చోటుండదు. అంకెను కూడా విడదీసి, "ఐదు, ఎనిమిది, యాభై ఎనిమిది" అని చెప్పండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో కలిసిపోతాయి.

షుగర్ పరీక్షకు మన ఆసుపత్రుల్లో జీఆర్‌బీఎస్ అంటారు. 70 కన్నా తగ్గితే షుగర్ డౌన్ అయినట్టే. చెమటలు, వణుకు, అకస్మాత్తుగా చిరాకు, మాట తేడా కనిపిస్తాయి. మెలకువగా ఉండి మింగగలిగితే సుమారు 15 గ్రాముల తీపి, అంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

మూడో మెట్టు: మందుల చీటీ పొడి అక్షరాలు

1-0-1 అందరికీ తెలుసు: పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. చీటీ మీద అదే బీడీ అని రాస్తారు. ఓడీ రోజుకోసారి, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునేముందు. ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక. స్టాట్ అంటే ఇప్పుడే. ఎన్‌పీఓ, ఎన్‌బీఎం రెండూ నోటితో ఏమీ ఇవ్వొద్దని. మంచినీళ్ళు కూడా అందులోకే వస్తాయి. "ఒక్క గుక్కే కదా" అని బంధువులు తాగిస్తుంటారు, కాబట్టి ఆ మాటను కాగితం మీద పెద్దగా రాసి మంచం తలవైపు అంటించండి.

ఎస్ఓఎస్ చూసి భయపడేవాళ్ళున్నారు, ప్రమాదం అనుకుని. చీటీ మీద దాని అర్థం "అవసరమైతేనే ఇవ్వండి" అని. పీఆర్‌ఎన్ కూడా అదే. అవసరం అంటే ఏమిటో, రోజుకు ఎన్నిసార్లు మించకూడదో డాక్టరుతో రాయించుకోవాలి. "ప్యారాసెటమాల్ ఎస్ఓఎస్" అని మాత్రమే రాసి ఉంటే అడగడం మన హక్కు.

ఓడీతో ఒక చిక్కు ఉంది. మందుల చీటీలో రోజుకోసారి, కంటి డాక్టరు రాతలో కుడి కన్ను. శుక్లాల ఆపరేషన్ అయినవారి చుక్కల మందు మీద ఆ అక్షరాలు కనిపిస్తే రోజుకోసారా, కుడి కంటికా అని అడిగి, తెలుగులో "కుడి కన్ను" అని సీసా మీద రాసుకోండి.

ఇన్సులిన్ దగ్గర మాట తడబడితే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాల్లో ఎంఎల్‌కు 40 యూనిట్లవి ఉన్నాయి, 100 యూనిట్లవి ఉన్నాయి. సిరంజిలూ దేనికది వేరు: 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. ఒకదానికి తీసిన సిరంజితో ఇంకోటి ఎక్కిస్తే డోసు రెండున్నర రెట్లు తప్పుతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయాలి. ఒక్క యూ అక్షరం రాస్తే సున్నాలా కనపడి, 4 యూనిట్లు 40 అయిపోతాయి. ఇంజెక్షన్ నర్సు చేసినా, సీసా అందించేది చాలాసార్లు మనమే. మూత రంగు, సీసా మీది అంకె పైకి చదివి అందించండి.

నాలుగో మెట్టు: లోపలికి ఎంత, బయటికి ఎంత

ఇన్‌టేక్, అవుట్‌పుట్. ఐ అండ్ ఓ చార్టు అంటారు. గ్లాసు, చెంబు లెక్క పనికిరాదు, అంతా ఎంఎల్‌లో రాయాలి. మొదటిరోజు కొలజాడీతో ఇంట్లోని స్టీలు గ్లాసు, టీ గ్లాసు, జావ గిన్నె ఒక్కసారి కొలిచి, ఏది ఎంతో కాగితం మీద రాసి వంటింట్లో అంటిస్తే ఇక రోజూ కొలవక్కర్లేదు. మజ్జిగ, జావ, చారు, ట్యూబులో ఫీడ్ తర్వాత పోసే నీళ్ళు అన్నీ ఇన్‌టేకే. డైపర్ వాడేవారికి తడి డైపర్ బరువులోంచి పొడి డైపర్ బరువు తీసేస్తే, గ్రాముకు ఒక ఎంఎల్ చొప్పున మూత్రం లెక్క దొరుకుతుంది.

మూత్రం గురించి చెప్పాల్సినవి మూడు: ఎంత, ఏ రంగు, ఎలా వస్తోంది. 24 గంటల్లో 400 ఎంఎల్ కన్నా తక్కువ వస్తే ఆలిగూరియా అంటారు. మూత్రం తయారుకాకపోవడం, తయారై బయటికి రాకపోవడం వేరువేరు. రెండోదాన్ని రిటెన్షన్ అంటారు. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి, చుక్కలు చుక్కలుగా పడుతుంటే "అవుతోంది కదా" అని వదిలేయకండి. నిండిన మూత్రాశయంలోంచి పొర్లుతున్నదే ఆ చుక్కలు.

మోషన్ అనే మాట మన దగ్గర తికమక. "మోషన్ అయింది" అంటే ఒకసారి విరేచనం. "మోషన్స్ అవుతున్నాయి" అంటే నీళ్ళ విరేచనాలు. ఒక్క బహువచనంతో అర్థం మారిపోతుంది కాబట్టి ఎన్నిసార్లు, గట్టిగానా పల్చగానా అని చెప్పండి. గట్టి ఉండల నుంచి నీళ్ళదాకా ఏడు రకాలు చూపే బ్రిస్టల్ చార్టు గోడకు ఉంటే "టైప్ 1", "టైప్ 6" అంటే చాలు.

నాలుగైదు రోజులు మోషన్ కాకుండా, ఆ తర్వాత హఠాత్తుగా డైపర్‌లో నీళ్ళలా కనిపిస్తే అది విరేచనాల రోగం కాకపోవచ్చు. లోపల గట్టిపడిన మలం అడ్డుపడి, దాని పక్కనుంచి నీరు జారుతుండొచ్చు. దీన్ని ఇంపాక్షన్ అంటారు. దానికి విరేచనాలు ఆగే మాత్ర వేస్తే ఇంకా బిగుసుకుపోతుంది. చార్టులో ముందటి నాలుగు రోజులు ఖాళీగా ఉన్న సంగతి చూసి చెప్పగలిగేది రోజూ దగ్గరున్న మనిషే.

మలం తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో ఉంటే మెలీనా అంటారు, కడుపులో రక్తం కారుతోందేమోనని అనుమానం. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే వస్తుంది, కాబట్టి ఆ మాత్రలు వాడుతున్నారో లేదో కూడా చెప్పండి. వాంతిలో పసరు ఉందా, తిన్నది ఉందా, కాఫీ పొడి కలిపినట్టుందా? ఆ చివరిది కనపడితే ఆలస్యం వద్దు.

ఐదో మెట్టు: ఒంటి మీద చర్మం

నన్నడిగితే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా నిక్కచ్చిగా రావాల్సిన మాటలు ఇక్కడే. బీపీ యంత్రం చూపిస్తుంది, షుగర్ స్ట్రిప్ చూపిస్తుంది. నడుం కింద ఏం జరుగుతోందో స్నానం చేయించేవారికి తప్ప ఎవరికీ కనపడదు.

బెడ్‌సోర్ అనే మాటే అందరం వాడతాం. పుస్తకాల్లో ప్రెషర్ అల్సర్ అని ఉంటుంది. అమెరికాలో దీనిమీద పనిచేసే నిపుణుల సంఘం 2016లో దాన్ని ప్రెషర్ ఇంజురీ అని మార్చింది, ఎందుకంటే మొదటి దశలో పుండు ఉండనే ఉండదు. దశలు ఇలా గుర్తుపెట్టుకోండి:

- స్టేజ్ 1: చర్మం చెక్కుచెదరదు. కమిలినట్టు ఎర్రగా ఉంటుంది, వేలితో నొక్కి తీస్తే తెల్లబడదు.
- స్టేజ్ 2: పైపొర లేచిపోతుంది, లేదా నీటి బొబ్బ వస్తుంది. అడుగు ఎర్రగా, చెమ్మగా ఉంటుంది.
- స్టేజ్ 3: గుంట పడుతుంది, లోపల కొవ్వు కనిపించవచ్చు.
- స్టేజ్ 4: కండరం, ఎముక, స్నాయువు దాకా లోతు.

అడుగు కనపడకుండా నల్లటి పక్కో పచ్చటి పొరో కప్పి ఉంటే దశ చెప్పలేం, దాన్ని అన్‌స్టేజబుల్ అంటారు. దశ తేల్చడం నర్సు పని. మన పని స్టేజ్ 1ని ఆ రోజే పట్టుకోవడం. మన రంగు చర్మం మీద ఎరుపు తెలియదు. చామనఛాయ, నలుపు ఒంటి మీద అది ముదురు రంగులోనో, కాస్త ఊదారంగులోనో కనిపిస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. అందుకే వేళ్ళ వెనక భాగంతో తాకి చూడండి. చుట్టూ ఉన్న చర్మం కన్నా వేడిగా ఉందా చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, తాకితే మూలుగుతున్నారా? ఇవన్నీ రాయదగ్గ మాటలే.

చోట్ల పేర్లు: నడుం కింద పిరుదుల మధ్య ఎముక సేక్రమ్, తుంటి ఎముక ట్రొకాంటర్, మడమ హీల్, చీలమండ మలియోలస్, రెక్క ఎముక స్కాపులా, తల వెనక ఆక్సిపుట్. చెవి అంచు, ఆక్సిజన్ గొట్టం ఒరుసుకునే చెవి వెనక, ముక్కుపుటాలు కూడా రోజూ చూడాలి. కాథెటర్ గొట్టం తొడ కింద నలిగినా అచ్చు పడుతుంది.

పుండు ఉంటే పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో చెప్పాలి. ఎటువైపు పెరుగుతోందో చెప్పడానికి గడియారం లెక్క: తలవైపు 12, పాదాలవైపు 6. కారేది ఏమిటో చెప్పడానికి తెలుగు చాలు. రసి పల్చగా నీళ్ళలా ఉంటుంది, చీము చిక్కగా పచ్చగా ఉంటుంది, నెత్తురు సరేసరి. నర్సుల రాతలో ఇవి సీరస్, ప్యూరులెంట్, శాంగ్వినస్. అంచులు మెత్తబడి తెల్లగా నానిపోతే మాసరేషన్.

డైపర్ తడికి తొడల సందుల్లో, మలం తగిలిన చోట ఒరిసిపోయి ఎర్రబడటం బెడ్‌సోర్ కాదు. ఈ ఒరుపుకు కారణం చెమ్మ, బెడ్‌సోర్‌కు కారణం బరువు. ఎముక ఉబ్బు మీద ఉంటే బరువని, మడతల్లో విస్తరిస్తే చెమ్మని స్థూలంగా అనుకోవచ్చు, కానీ తేల్చేది నర్సే.

రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు కదా, దాని మాటలూ ఇక్కడే నేర్చుకోండి. వెల్లకిలా సుపైన్, బోర్లా ప్రోన్, పక్కకు లాటరల్, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపితే సెమీ ఫౌలర్స్, ఇంకా లేపి కూర్చోబెడితే ఫౌలర్స్. పక్కకు తిప్పినప్పుడు నిట్టనిలువుగా తుంటి మీద కాకుండా, వీపు వెనక దిండుతో 30 డిగ్రీలు వాల్చడం మేలు. "లెఫ్ట్ లాటరల్, 2 గంటలకు" అని రాస్తే తర్వాతి డ్యూటీ మనిషికి ఎటు తిప్పాలో తెలుస్తుంది. ఎవరి లెఫ్ట్? ఎప్పుడూ పేషెంటు ఎడమే. మనం ఎదురుగా నిలబడితే అది మన కుడివైపు ఉంటుంది, అక్కడే చాలామంది తప్పుతారు.

చర్మం పక్క మీద ఇరుక్కుపోయి ఎముక మాత్రం కిందికి జారితే లోపలి రక్తనాళాలు మెలిపడతాయి. దీన్ని షియర్ అంటారు. జారిపోయిన మనిషిని చంకల్లో చేతులేసి పైకి ఈడ్చడమంటే ఇదే చేయడం. దుప్పటి మడిచి కింద వేసి ఇద్దరు పట్టి ఎత్తండి. ఎర్రబడిన చోట నూనె రాసి గట్టిగా రుద్దడం, రబ్బరు రింగు మీద కూర్చోబెట్టడం ఇంకా చాలా ఇళ్ళలో చేస్తున్నారు. రెండూ కీడే చేస్తాయి.

ఆరో మెట్టు: పైపులు, మింగడం

పైపు అనే మాట ఈ రోజు నుంచి మానేయండి. రైల్స్ ట్యూబ్‌కు జాన్ రైల్ అనే బ్రిటిష్ డాక్టరు పేరు పెట్టారు, ఫోలీస్‌కు ఫ్రెడరిక్ ఫోలీ అనే అమెరికా మూత్రకోశ వైద్యుడి పేరు. పొట్ట గోడలోంచి నేరుగా వేసింది పెగ్ ట్యూబ్. మెడ దగ్గర శ్వాస కోసం చేసిన రంధ్రం ట్రకియాస్టమీ. మూత్రం సంచి యూరోబ్యాగ్, అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. వీల్‌చెయిర్‌లోకి మార్చేటప్పుడు సంచిని ఒళ్ళో పెడుతుంటారు. అలా పెడితే పాత మూత్రం వెనక్కి పోయి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది.

రైల్స్ ట్యూబ్ మీద ముక్కుపుటం దగ్గర ఏ గుర్తు ఉందో రోజూ రాసి పెట్టండి. ఆ గుర్తు జరిగితే ఫీడ్ ఇవ్వకుండా నర్సును పిలవాలి. ఫీడ్ ఇచ్చేటప్పుడు, ఇచ్చాక కనీసం అరగంటసేపు తలవైపు లేపే ఉంచాలి.

మన ఇళ్ళలో పొలమారితే నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నీళ్ళు తాగిస్తారు. పక్షవాతం వచ్చిన మనిషికి, పార్కిన్సన్స్ ముదిరినవారికి మళ్ళీ మళ్ళీ పొలమారుతుంటే మింగే శక్తి తగ్గిందేమో అని చూడాలి. దాన్ని డిస్‌ఫేజియా అంటారు. తిన్నది, తాగింది ఊపిరితిత్తుల్లోకి పోవడం ఆస్పిరేషన్, దానివల్ల న్యుమోనియా వస్తుంది. ఇలాంటివారికి పల్చటి నీళ్ళే అన్నిటికన్నా ప్రమాదం, చిక్కటి జావ కాస్త నయం. తిన్నాక గొంతు గరగరలాడటం, బుగ్గలో అన్నం ఉండిపోవడం, తినడానికి గంట పట్టడం, ఈ మూడూ చార్టులో రాయాల్సినవి. అసలు దగ్గే రాకుండా కూడా లోపలికి పోవచ్చు. డిస్‌ఫేసియా అనే ఇంకో మాట వినపడుతుంది, ఒక్క అక్షరం తేడా. అది మాట రాకపోవడం, ఇది మింగలేకపోవడం. సందేహంగా ఉంటే తెలుగులోనే చెప్పండి.

ఏడో మెట్టు: డిశ్చార్జ్ సమ్మరీ చదవడం

ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితంలో పైవరసలో కే బై సీ బై ఓ అని ఉంటుంది, ముందునుంచీ ఉన్న జబ్బులని అర్థం. సీ బై ఓ ఇప్పటి బాధ. తర్వాత వరసగా డీఎమ్ షుగర్, హెచ్‌టీఎన్ బీపీ, సీఏడీ గుండె రక్తనాళాల జబ్బు, సీకేడీ కిడ్నీలు, సీవీఏ పక్షవాతం, ఓఏ కీళ్ళ అరుగుదల. ఇనపకంచె ఆకారంలో రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతల గుర్తు కనపడితే ఎముక విరిగిందని. దాని పక్కన నెక్ ఆఫ్ ఫీమర్ అని ఉంటే తుంటి విరిగినట్టు. ఆ కాలిని ఎటు తిప్పకూడదో, బరువు వేయొచ్చో లేదో అడగకుండా మంచం దించకండి.

పొడుగాటి మాటలకు భయపడక్కర్లేదు, ముక్కలు చేస్తే విడిపోతాయి. చివర ఐటిస్ ఉంటే వాపు, మంట. ఎక్టమీ అంటే కోసి తీసేయడం, ఆస్టమీ అంటే రంధ్రం చేసి దారి పెట్టడం. ఈమియా రక్తంలో, యూరియా మూత్రంలో. ముందు బ్రాడీ ఉంటే నెమ్మది, టాకీ ఉంటే వేగం. హెమీ ఒకవైపు సగం, పారా నడుం కింద, క్వాడ్రి నాలుగు కాళ్ళుచేతులు. ప్లీజియా పూర్తిగా పడిపోవడం, పరేసిస్ బలం తగ్గడం. ఇక "రైట్ హెమీపరేసిస్" అంటే కుడివైపు బలం తక్కువని మీకే తెలిసిపోతుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఆ చెయ్యి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర.

ఎనిమిదో మెట్టు: మతి మాటలు

"మతి పోయింది", "చాదస్తం", "పిచ్చిగా మాట్లాడుతున్నారు" అని రాయకండి. నెలలు, ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గే మతిమరుపు డిమెన్షియా. నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, ఒకటిరెండు రోజుల్లో తికమకపడి, కాసేపు బాగుండి కాసేపు బాగుండకపోతే అది డిలీరియం కావచ్చు. దాని వెనక ఇన్‌ఫెక్షనో, నీరు తగ్గడమో, కొత్త మందో, మలబద్ధకమో ఉంటుంది. డిమెన్షియా ఉన్నవారికే డిలీరియం కూడా రావచ్చు, అప్పుడు "ఆవిడ ఎప్పుడూ అంతే" అనే మాట ప్రాణం తీస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో చెప్పండి: "నిన్న కొడుకును గుర్తుపట్టారు, ఇవాళ పట్టలేదు, గాల్లో ఏదో ఏరుతున్నారు".

సాయంత్రమయ్యేసరికి చిరాకు, ఇంటికి పోతాననడం సన్‌డౌనింగ్. స్పృహకు నాలుగు మాటలు చాలు: మెలకువగా ఉన్నారు, పిలిస్తే పలుకుతున్నారు, నొప్పి కలిగిస్తేనే కదులుతున్నారు, దేనికీ పలకడం లేదు.

తొమ్మిదో మెట్టు: డ్యూటీ అప్పగించడం

ఇంతవరకు నేర్చుకున్నదంతా బయటపడేది హ్యాండోవర్‌లో. ఎవరు, ముందునుంచి ఏమున్నాయి, ఇప్పుడేమైంది, మీరేం చూశారు, మీకేం కావాలి అనే వరస పట్టుకోండి. ఇలా:

"నమస్తే సిస్టర్, రెండో రూములో మామ్మగారి దగ్గర అటెండెంట్‌ని. ఆవిడకు షుగర్, బీపీ ఉన్నాయి, మూడు నెలల కిందట ఎడమవైపు పక్షవాతం. రాత్రి ఎనిమిదింటికి జావ తాగుతూ పొలమారింది, అప్పట్నుంచి గొంతు గరగరమంటోంది. ఇప్పుడు టెంపరేచర్ 101, శ్వాస నిమిషానికి 26, సాచురేషన్ 91, ఎప్పుడూ 97 ఉండేది. పిలిస్తే పలుకుతున్నారు. తల పైకి లేపి ఉంచాను, నోటికేమీ ఇవ్వలేదు. మీరు వచ్చి చూడాలి."

పది వాక్యాలు కూడా లేవు, ఇంగ్లీషు మాటలు కొన్నే. సిస్టర్ ఏదైనా చేయమని చెబితే అదే మాట తిరిగి చెప్పి సరిచూసుకోండి.

మంచం పక్కన నిలబడి మాట్లాడేటప్పుడు "డైపర్ కేసు", "ఫీడింగ్ కేసు" అనకండి. మాట పడిపోయినవారిలో చాలామందికి చెవులు బాగానే పనిచేస్తాయి.

ఇక మాటలు వెతుక్కుంటూ కూర్చోకూడని సందర్భం ఒకటుంది. మూతి ఒకవైపు వాలడం, రెండు చేతులూ చాపమంటే ఒకటి జారిపోవడం, మాట ముద్దగా రావడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా 108కి చేసి "స్ట్రోక్ అనుమానం" అని చెప్పండి. జబ్బుకు పేరు పెట్టొద్దన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడు మొదలైందని. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పొద్దున ఆరింటికి లేపేసరికి మూతి వంకరగా ఉంటే మొదలైన టైము ఆరు అని చెప్పకూడదు. చివరిసారి మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారో అది చెప్పాలి. రాత్రి రెండింటికి పక్క మార్చినప్పుడు "మంచినీళ్ళివ్వమ్మా" అని స్పష్టంగా అడిగి ఉంటే, టైము రెండు. ఆ టైము చార్టులో ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది తేలవచ్చు.